గోలు కోసమే పోయాను

చావింటికి వచ్చినవాళ్ళను విసుక్కోకూడదంటారు. నేను నెల రోజులుగా విసుక్కుంటూనే ఉన్నాను. నా భార్య కాశింబీ పోయిన రోజు నుంచి నంద్యాలలో తెలిసినవాళ్ళంతా మా ఇంటికి వచ్చి పోతున్నారు. వచ్చి చాప మీద కూర్చుంటారు, ఒక నిట్టూర్పు విడుస్తారు, ఇచ్చిన టీ తాగుతారు, ఆ తర్వాత పక్కవాళ్ళ వైపు తిరిగి అదే కథ ఎత్తుకుంటారు. "మస్తానయ్య వయసులో ఉన్నెప్పుడు నంద్యాల ఫుట్‌బాల్ టీములో పెద్ద గోలీ అప్పా. ఈయమ్మ కోసరమే ఆ టీము ఇడ్సిపెట్టి ఆళ్ళగడ్డకు పాయె. ఆ కాలంలోనే అంత ప్రేమ!" వినేవాళ్ళు తలలూపుతారు. ఒకామె కొంగుతో కళ్ళు కూడా తుడుచుకుంది. నేను గోడకు ఆనుకుని పళ్ళు నూరుకుంటూ కూర్చుంటాను. ఒకరిద్దరికి సరిచేసి చెప్పబోయాను. "కాదప్పా, నేను పోయింది గోలు కోసం" అంటే, పాపం దుఃఖంలో ఏదో మాట్లాడుతున్నాడని నా భుజం తట్టారు. మా కూతురు హసీనా నన్ను లోపలికి పిలిచి, "చెప్పుకోనీలే నాయనా, మంచి కథే కదా" అంది. మంచి కథే కావచ్చు, నిజం మాత్రం కాదు. నంద్యాల టీములో నా గోలు నేను వదిలిపెట్టలేదు. నా దగ్గర లాక్కున్నారు. ఆ లాక్కున్న తీరు తలచుకుంటే ఈ వయసులో కూడా ఒళ్ళు మండుతుంది. ఆ మంటకు ప్రేమ అని పేరు పెడితే విని ఊరుకోవడం నా వల్ల కాదు.

మాది దూదేకుల ఇల్లు. మా నాయన దస్తగిరికి నంద్యాల బజారు వెనక సందులో పరుపుల కొట్టు ఉండేది. కొట్టు ముందు, ఇల్లు వెనక. పొద్దున కళ్ళు తెరిచేసరికే విల్లు మోత వినబడేది. నాయన నిలువెత్తు విల్లును పైకప్పు నుంచి వేలాడదీసి, దాని నారిని కొయ్య గుండుతో కొడుతుంటే పత్తి చిక్కు విడిపోయి నురగలాగా లేచేది. ఆ దూది ఇంట్లో పోని చోటు లేదు. రెప్పల మీద దూది, తాగే మజ్జిగలో దూది, పొయ్యి మీద సంగటిలో దూది. మా అవ్వ అన్నం పళ్ళెం ముందు పెట్టుకుని ముందుగా నోటితో ఒకసారి ఊదేది. వేరేవాళ్ళ ఇంటికి భోజనానికి పోయినా అలాగే ఊదేది, వాళ్ళు తమ అన్నంలో ఏం చూసిందో అని కంగారుపడేవాళ్ళు. ఇంట్లో ఎప్పుడూ పత్తి గింజల చమురు వాసన, దిండ్లకు తొడిగే కొత్త గలేబు గుడ్డ గంజి వాసన కలిసి ఉండేవి. ఆ రెండు వాసనలు కలిసి తగిలితే ఇప్పటికీ నాకు ఆకలేస్తుంది.

నేను గోలీ కావడానికి కారణం ఆ కొట్టే. స్కూలు నుంచి రాగానే ఏకిన దూది కుప్ప మీదికి అడ్డంగా దూకేవాణ్ణి. కుట్టడానికి పరిచిన పరుపుల మీద ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి పడేవాణ్ణి. పడితే దెబ్బ తగలదని చిన్నప్పటి నుంచి ఒంటికి నమ్మకం కుదిరింది. అందుకే గ్రౌండులో మిగతా పిల్లలు నేల చూసి జంకే చోట నేను బంతి తప్ప ఇంకేమీ చూడకుండా దూకేవాణ్ణి. మా నాయనకు ఇది బొత్తిగా మింగుడు పడలేదు. "కాలు జారి పడినోళ్ళను చూసినా, తాగి పడినోళ్ళను చూసినా. పడేదానికని బట్టలు మార్చుకోని పోయేటోన్ని నిన్నే చూస్తాండా" అనేవాడు. అంటూనే మరుసటి రోజు నా మోకాలికి పసుపు, వేడి చేసిన ఆముదం రాసేవాడు. తిట్టడం, రాయడం రెండూ ఒకేసారి జరిగేవి.

టౌను క్లబ్బులో నేను గోల్లో నిలబడ్డాక మమ్మల్ని ఓడించడం అంత సులభం కాలేదు. ఈ మాట నేనే చెప్పుకోవాల్సి వస్తోంది, ఎందుకంటే చెప్పాల్సినవాళ్ళంతా కాశింబీ కథ చెబుతున్నారు. ఆ రోజుల్లో మా గోల్లో చేతులకు ఏమీ తొడుక్కునేవాళ్ళం కాదు. బంతి తోలుది, వాన పడితే రాయి బరువు ఎక్కేది, పట్టుకుంటే అరచేతులు చిమచిమలాడేవి. అలాంటి రోజుల్లో కరెంటాఫీసులో పనిచేసే ఒకాయనకు కర్నూలు నుంచి నంద్యాలకు బదిలీ అయింది. ఆయన కొడుకు ప్రభాకర్. ఒక సాయంత్రం గ్రౌండుకు వచ్చి, సంచిలోంచి ఒక జత గ్లౌజులు తీసి, వేళ్ళు ఒక్కొక్కటి సర్దుకుంటూ తొడుక్కున్నాడు. అంతే. మా కెప్టెన్ సుబ్బయ్యన్న నోరు తెరుచుకుని చూశాడు. ఆ పిల్లవాడు ఒక్క బంతి పట్టకముందే నా పని అయిపోయింది. గ్లౌజులున్నవాడు గోలీ కాకుండా ఎలా ఉంటాడు? అదీ వాళ్ళ తర్కం. స్టెతస్కోపు మెడలో వేసుకున్నవాడు డాక్టరే అయి ఉండాలన్నట్టు.

ప్రభాకర్ చెడ్డవాడు కాదు. అదే ఇంకా కడుపు మంట. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. మంచివాడు, మర్యాదస్తుడు, బంతి తన వైపు వస్తే పక్కకు జరిగి దారి ఇచ్చేంత మర్యాదస్తుడు. మొదటి ఆటలో నడుము ఎత్తులో వచ్చిన బంతిని వదిలేశాడు. నేను సుబ్బయ్యన్న ముఖం వైపు చూశాను. ఆయన కాస్త ఆలోచించి, "గ్లౌజులకు మన గ్రౌండు ఇంగా అలవాటు కాలేదు లేబ్బా" అన్నాడు. గ్లౌజులకు! రెండో ఆటలో కాళ్ళ మధ్య నుంచి పోయింది. "కొత్త కదా" అన్నారు. మూడో ఆటలో గెలిచాం, అటు వైపు వాళ్ళు మా గోలు దాకా రాలేదు కాబట్టి. "చూసినారా, గోలీ మారితే టీము ఎట్ల మారిపోయిందో" అన్నారు. ఇక నేను ఏం మాట్లాడను?

నన్ను తీసేసినట్టు కూడా ఎవరూ చెప్పలేదు. అలా చెప్పి ఉంటే కాస్త పౌరుషం మిగిలేది. సుబ్బయ్యన్న నా మెడ మీద చెయ్యేసి, "మస్తానూ, నువ్వు గోలు ఎనకాల నిలబడు. బంతి కంపల్లోకి పోతే తెచ్చిస్తాండు. ఈడ నీ అంత చురుకైనోడు ఎవుడుండాడు?" అన్నాడు. గోలు వెనక అంతా కంపచెట్లు. ప్రభాకర్ వదిలిన బంతులన్నీ అక్కడికే వచ్చేవి. నేను ముళ్ళలో చెయ్యి పెట్టి, బంతి తీసి, గ్లౌజులు వేసుకున్నవాడి చేతికి అందించేవాణ్ణి. అతను ప్రతిసారీ థాంక్స్ చెప్పేవాడు. ఆ థాంక్స్ వింటే ఆ కంపల్లోనే కూలబడాలనిపించేది.

ఇంటికి వచ్చి ఎవరితోనూ మాట్లాడేవాణ్ణి కాదు. గోల్లో నిలబడడం తప్ప నాకు ఇంకేదీ సరిగా రాదని అప్పటికే తెలిసిపోయింది. చదువులో మామూలు, కొట్టులో కుట్టు వంకర. గోల్లో నిలబడితేనే నేను మనిషిననిపించేది. అది పోయాక జొన్నరొట్టె ఊరుబిండి పచ్చడితో ఎదురుగా పెట్టినా గొంతు దిగేది కాదు. నాయన మాత్రం మొదటిసారి నా ఆటను మెచ్చుకున్నాడు. "బాగయింది, మోకాళ్ళు ఉంటాయి" అన్నాడు.

అప్పుడు వచ్చింది ఆళ్ళగడ్డ నుంచి కబురు. బస్సు కండక్టరు ఒకాయన మా కొట్టుకు దిండ్ల కోసం వచ్చి, నాయన లోపల ఉన్నప్పుడు నాతో చిన్నగా అన్నాడు. "మీ పీరయ్య మామ చెప్పమన్యాడు. ఆళ్ళగడ్డ క్లబ్బులో గోలీ కావల్లంట. వస్తే వాళ్ళింట్లోనే ఉండొచ్చంట." చిన్నగా చెప్పడానికి కారణం ఉంది. పీరయ్య మామ మా అమ్మ తమ్ముడు, ఆళ్ళగడ్డలో సైకిలు షాపు. మా అక్క పెళ్ళిలో భోజనాల పంక్తిలో కూర్చుని "కూరలో ఉప్పు లేదు" అని అందరికీ వినబడేలా అన్నాడు. ఆ ఒక్క మాట మీద మా నాయన, ఆయన ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారు. ఆడవాళ్ళ రాకపోకలు మాత్రం ఆగలేదు. మా అమ్మ పోయి వచ్చేది, అత్త, ఆమె కూతురు కాశింబీ పండగలకు వచ్చి పోయేవాళ్ళు. వాళ్ళు వచ్చినప్పుడు నాయన మామ పేరు ఎత్తకుండా మామను తిట్టేవాడు, వాళ్ళు వినబడనట్టు కూరగాయలు తరిగేవాళ్ళు.

నేను అమ్మతో మాత్రమే చెప్పాను. ఆళ్ళగడ్డ పోతాను, మామ ఇంట్లో ఉంటాను, గోల్లో ఆడతాను అన్నాను. ఈ మూడు మాటల్లో అమ్మకు మధ్య మాట ఒక్కటే వినబడింది. ముఖం వెలిగిపోయింది. "పో నాయనా, బేగా పో" అని తొందరపెట్టి, నాయనకు నేనే చెప్తాలే అని, ఒక గుడ్డ మూట చేతికిచ్చింది. "అత్తకియ్యి. దోవలో ఇప్పద్దు" అంది. ఏ అరిసెలో, చెనిక్కాయ ఉండలో అనుకుని ఒళ్ళో పెట్టుకుని శిరివెళ్ళ మీదుగా బస్సులో పోయాను. దారి పొడవునా నా ఆలోచనంతా గోలు కర్రల ఎత్తు మీదే ఉంది. మామ ఇంట్లో అడుగు పెట్టి, మూట అత్త చేతిలో పెట్టి, "అమ్మ పంపింది" అన్నాను. అత్త విప్పింది. అందులో ఎర్ర చీర, గాజులు, ఒక పొట్లం చక్కెర ఉన్నాయి. మావైపు మేనమామ ఇంటికి మగపిల్లవాడు ఆ మూడూ మోసుకుపోయాడంటే పిల్లను అడిగినట్టే, ఇక వేరే చెప్పనక్కర్లేదు. అత్త అక్కడికక్కడే ఆ చక్కెర తీసి నా నోట్లో పోసింది. నేను వద్దని చెప్పబోయాను, నోరు నిండా చక్కెర ఉంది.

మరుసటి సాయంత్రం మామ నన్ను క్లబ్బు దగ్గరికి తీసుకుపోయాడు. ఆళ్ళగడ్డ టీములో సగం మంది రాతి శిల్పులు. పొద్దంతా దేవుళ్ళ బొమ్మలు చెక్కి, సాయంత్రం కళ్ళు, కనుబొమ్మలు తెల్లటి రాతిపొడితోనే గ్రౌండుకు వచ్చేవాళ్ళు. వాళ్ళ కెప్టెన్ బ్రహ్మయ్య, పొట్టి మనిషి, చేతులు మాత్రం దూలాల్లాంటివి. ఆ క్లబ్బుకు ఒక పద్ధతి ఉంది. ఊరివాడు కాకుంటే ఆడనివ్వరు. ఊళ్ళో పుట్టి ఉండాలి, లేదా ఊరి పిల్లను చేసుకుని ఉండాలి. క్లబ్బు పెద్దల్లో ఒకాయన నన్ను ఎగాదిగా చూసి, "ఇతను నంద్యాలోడు కదా పీరయ్యా, ఎట్ల ఆడిస్తాం?" అన్నాడు. క్లబ్బు బంతికి ఎప్పుడూ ఉత్తపుణ్యానికి గాలి కొట్టేవాడు మా మామ, కాబట్టి ఆయన మాటకు విలువుంది. మామ ఏమాత్రం తడుముకోకుండా, "మా కాశింబీని ఇస్తాండేది ఈనికే. నిన్ననే చీర వచ్చింది" అన్నాడు. అందరూ "అట్లనా" అని సంతోషించి నన్ను గోల్లోకి తోశారు. ఆ క్షణంలో నేను కాదనాలి. కాదంటే గోలు పోతుంది. గోలు కర్రల మధ్య నిలబడి ఎన్ని వారాలైందో, ఆ రెండు కర్రలను రెండు చేతులా తాకి చూశాను. నోరు మూసుకున్నాను.

కాశింబీకి మాత్రం ఆ రోజే చెప్పేశాను. పెరట్లో నీళ్ళు తోడుతోంది. "చూడు, నేను నీ కోసం రాలేదు. ఆ చీర సంగతి నాకు తెలీదు. నేను వచ్చింది గోలు కోసం" అన్నాను. బొక్కెన కింద పెట్టి నా వైపు చూసింది. సిగ్గు లేదు, కోపం లేదు. "ఎవురన్నా నా కోసం వచ్చినావన్న్యారా? బంతి కోసమే వచ్చినావ్, సరే. చేతులు కడుక్కోని రా, సంగటి ఆరిపోతాది" అంది. నాకు అది కూడా నచ్చలేదు. ఇంత సులభంగా ఒప్పుకుంటే ఇక వాదించేది ఎవరితో?

ఊరంతా పెళ్ళి మాట పాకింది. నంద్యాల దాకా పాకింది. ఆళ్ళగడ్డలో పాణ్యం టీముతో ఆట జరుగుతున్న రోజున మా నాయన బస్సు దిగి నేరుగా గ్రౌండుకు వచ్చాడు. కొట్టులోంచి ఉన్నపళంగా వచ్చినట్టున్నాడు, జుట్టు నిండా దూది. వచ్చి సరిగ్గా నా గోలు వెనక నిలబడ్డాడు.

"ఒరే, ఇట్ల తిరుగు."

నేను తిరగలేదు. పాణ్యంవాళ్ళు బంతితో మధ్య గీత దాటి వస్తున్నారు.

"నిన్నేరా. నాయన పిలుస్తాంటే ఈపు చూపిస్తాండావా?"

"ఆట జరుగుతాంది నాయనా."

"నాది జరుగుతాండేది ఏందిరా మరి? నన్నడగకుండా నా కొడుక్కు పెండ్లి చేస్తాండారంట. చీర ఎవుర్నడిగి తెచ్చినావ్?"

"అమ్మ ఇచ్చింది. తినేదేమో అనుకున్యా."

"చీర తినేదేందిరా!"

ఇంతలో పీరయ్య మామ సైకిలు పంపు చేతిలో పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. ఒకరి వైపు ఒకరు చూడకుండా అన్నేళ్ళు గడిపిన ఇద్దరూ నా వెనక రెండు గోలు కర్రల దగ్గర చెరొకరు నిలబడ్డారు. "బావా, ఏందన్నా ఉంటే నాతో మాట్లాడు. పిల్లోన్ని ఆడనీ" అన్నాడు మామ. "నా ఇంటి కూరలో ఉప్పు లేదన్నోనితో నాకేం మాటలు?" అన్నాడు నాయన. "లేకనే లేదన్న్యా బావా. నువ్వు తిన్న్యావా ఆ పొద్దు?" "నేను పెండ్లికూతురు నాయన్ను, నాకు తినే తీరిక యాడిది?" "తినకుండా ఉప్పుందని ఎట్ల చెప్తాండావ్ మరి?" నా తలకు రెండు వైపుల నుంచి ఉప్పు అటూ ఇటూ పోతోంది. ఎదురుగా పాణ్యం కుర్రవాడు ఒంటరిగా బంతితో నా మీదికి వస్తున్నాడు. జీవితంలో మొదటిసారి పెద్దల మీద గొంతెత్తాను. "ఇద్దురూ నోరు మూస్కోండి!" అని అరిచి, వాడి కాళ్ళ మీదికి దూకాను.

బంతి నా రొమ్ముకు తగిలి ఆగింది. ఆళ్ళగడ్డ గ్రౌండు మా కొట్టు కాదు. పక్కనే శిల్పులు బొమ్మలు చెక్కే కొటారాలు, నేల నిండా ఉలి దెబ్బకు లేచిన రాతి చెక్కలు. లేచేసరికి రెండు మోకాళ్ళూ చీరుకుపోయి నెత్తురు కారుతోంది. వెనక్కి తిరిగాను, నాయన చెంప మీద కొడతాడనుకున్నాను. ఆయన నా మోకాళ్ళ వైపే చూస్తున్నాడు. "ఈ ఊళ్ళో యాడా మెత్తటి తావే లేదేంది పీరయ్యా?" అన్నాడు. మామను పేరు పెట్టి పిలిచాడు. ఆ తర్వాత ఆట ఎలా నడిచిందో వాళ్ళు చూడలేదు. ఇద్దరూ ఎవరి తప్పెంతో తేల్చుకుంటూ సోడా బండి దగ్గరికి పోయారు. నేను ఆట గెలిచి వచ్చేసరికి పెళ్ళి నిర్ణయమైపోయింది. నన్ను ఎవరూ అడగలేదు. అడుగుతారని నేను ఎదురుచూసినందుకు వాళ్ళు నవ్వారు కూడా.

అంతటితో అయిపోతే ఎంత బాగుండేది! నికా జరిగాక అత్త కొత్త సమస్య తెచ్చింది. ఊరి అల్లుడు అత్తగారి ఊళ్ళో, అత్తమామల ముందు, నిక్కరు వేసుకుని మట్టిలో పొర్లడమేమిటి? కాబోయేవాడైనప్పుడు ఫర్వాలేదంట, అయినవాడికి మాత్రం తగదంట. ఊరి పిల్లను చేసుకుంటానంటే గోలిచ్చారు, చేసుకుంటే గోలు తీసుకుంటున్నారు. నేను గోడకు తల కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. మామ గొణిగాడు, నాయన ఆలోచిద్దామన్నాడు. కాశింబీ ఎవరితోనూ ఏమీ అనకుండా కుట్టుమిషను ముందు కూర్చుని తెల్ల గుడ్డతో ఒక పైజామా కుట్టింది. మోకాళ్ళ దగ్గర లోపల దూది పెట్టి పరుపులాగా కుట్లు వేసింది. "ఇంగ కాళ్ళు కనపడవు. ఎవురికేం నొప్పి?" అని అత్త ముందు పడేసింది. ఆళ్ళగడ్డ గోల్లో నేను ఆడినన్నాళ్ళూ పైజామాతోనే ఆడాను. ప్రొద్దుటూరువాళ్ళు నన్ను చూసి నమాజుకు వచ్చినాయన గోల్లో ఏం చేస్తున్నాడని నవ్వారు. ఆ పైజామా మోకాళ్ళు చినిగిపోయినప్పుడల్లా ఆమె కొత్తది కుట్టేది. కొన్నేళ్ళకు దూది దుమ్ముతో నాయన ఊపిరితిత్తులు చెడి విల్లు ఎత్తలేకపోతే, నేను నంద్యాలకు తిరిగి వచ్చి కొట్టు పట్టుకున్నాను. అక్కడితో నా ఆట ముగిసింది.

ఇప్పుడు నంద్యాల గ్రౌండు పక్కగా సాయంత్రం నడకకు పోతుంటాను. ఐదేళ్ళ పిల్లలకు కూడా గ్లౌజులున్నాయి. ఒక్కొక్కడి వెనక ఒక తల్లో తండ్రో నీళ్ళ సీసా, ఫోను పట్టుకుని నిలబడి ఉంటారు. మా నాయన ఒక్కసారి గోలు వెనక నిలబడితే ఊరు ఊరంతా వింతగా చూసింది, ఇప్పుడు గోలు వెనక నిలబడేదంతా నాయనలే. పిల్లవాడు బంతి వదిలేస్తే కోచ్ చప్పట్లు కొట్టి బాగుంది అంటాడు. ఏం బాగుంది? నేల మీద మెత్తటి గడ్డి వేశారు, అయినా ఒక్కడూ దూకడు. కంపచెట్లు కొట్టేశారు, అదొక్కటి మంచి పని. పరుపుల కొట్లు కూడా పోయాయి. ఇప్పటి పరుపు ప్లాస్టిక్ కవరులో చుట్టుకుని లారీలో వస్తుంది. విల్లు మోత ఎలా ఉండేదో మా మనవడికి నోటితో చేసి చూపించాను, ఫోనులో వెతికి దగ్గరగా ఉన్న మోత ఏదో వినిపించాడు. అది కాదు. ఈ మార్పులన్నిటినీ ఇంటికి వచ్చి కాశింబీ దగ్గర ఏకరువు పెట్టేవాణ్ణి. చివరికి ఎక్కడ మొదలైనా మాట ఆళ్ళగడ్డకు చేరేది. "నేనైతే నీ కోసం రాలేదు, గోలు కోసం వచ్చినా" అనేవాణ్ణి. "సరేలే బావా, ఎన్నిసార్లు చెప్తావ్" అనేది. చుట్టాల ముందు అన్నాను, పిల్లల ముందు అన్నాను, ఆస్పత్రిలో పక్క మంచం వాళ్ళు ప్రేమ పెళ్ళా అని అడిగితే వాళ్ళ ముందు కూడా అన్నాను. ఒక్కసారి కూడా ఆమె ఎదురు చెప్పలేదు.

మొన్న బ్రహ్మయ్య వచ్చాడు, ఆళ్ళగడ్డ కెప్టెన్. కొడుకు చెయ్యి పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగి ఎక్కాడు. దూలాల్లాంటి చేతులు ఎండిపోయాయి. అతనికి నేను ఆదరంగా నీళ్ళిచ్చానో లేదో, పక్కనున్న మా వీధివాడు ఒకడు మళ్ళీ ఆ కథ మొదలుపెట్టాడు. ఇక ఆగలేకపోయాను. "నేను ఆమె కోసం పోలేదప్పా, గోలు కోసం పోయినా! బ్రహ్మన్నా, నువ్వన్నా చెప్పు వీళ్ళకు!" అని ఇంటి నిండా జనం ఉండగా అరిచాను. హసీనా వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

బ్రహ్మయ్య నిదానంగా తలూపాడు. "నిజమే. ఈయప్ప ఆయమ్మ కోసరం రాలే" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. వినండి అన్నట్టు అందరి వైపు చూశాను. అతను ఇంకా ముగించలేదు.

"ఆయమ్మే పిలిపిచ్చింది" అన్నాడు. "మాకు అప్పటికే గోలీ ఉన్యాడు గదా, మా తమ్ముడు. పండగకు నంద్యాలకు పోయొచ్చి కాశింబమ్మ పీరయ్య షాపు కాడ నన్ను నిలబెట్టింది. బ్రహ్మన్నా, మా బావ గోలు పీకేసినారు, కంపల్లో బంతులు ఏరుకుంటాండాడు, కూడు తింటల్యా, నీ టీములో గోలియ్యి అనింది. మరి నా తమ్మునిది ఏం కావల్ల తల్లీ అంటి. నీ తమ్ముడు యాడైనా ఆడతాడు, మా బావకు గోలు తప్ప ఇంగేం రాదు అనింది. వాళ్ళ నాయనతో కబురు కూడా ఆయమ్మే పంపిచ్చింది. నా తమ్ముడు ఏడాది నాతో మాట్లాడలే."

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"ఒట్టేపిచ్చుకునింది. పిల్ల అడిగితే ఇచ్చినారని తెలిస్తే ఆయప్ప ఆటిడ్సిపెట్టి పోతాడు, రోషగాడు అనింది. పోయినాక ఒట్టేముండాదిలే అని చెప్తాండా."

నాకు మొదట వచ్చింది కోపమే. ఇంత మాట కడుపులో పెట్టుకుని, నేను ఆ ఒక్క ముక్క పట్టుకుని జీవితమంతా ఎగురుతుంటే, సరేలే బావా అంటుందా? ఒక్కసారి, ఏదో ఒక పోట్లాటలో, నీకు గోలిప్పించింది నేనేరా అని నా మొహాన కొట్టి ఉండకూడదా? కొడితే పడి ఉండేవాణ్ణి. నన్ను గెలవనిచ్చింది. ఆమెతో గట్టిగా పోట్లాడాలని ఇంతగా ఎన్నడూ అనిపించలేదు, పోట్లాడడానికి మనిషి లేదు. బ్రహ్మయ్య రెండు చేతులూ పట్టుకుని, జనం చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను. నన్ను గోల్లో నిలబెట్టిన మనిషిని నా చేతులతో మట్టి చేసి వచ్చి, నెల రోజులుగా ఆమె కోసం పోలేదని ఊరందరితో తగువులాడుతున్నాను.